నిచ్చెన ఎక్కే ముందు

అమ్మలూ,

పాత విద్యార్థులు తిరిగొచ్చే హోమ్‌కమింగ్ ఆటలో ఒక పాటకి బ్యాండు నడిపించమని నువ్వు చదివిన కాలేజీ వాళ్ళు పిలిచారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమమ్మా. ఆరేళ్ళ కిందట ఒహాయోలో నా కాలేజీ వాళ్ళు నన్నూ ఇలాగే పిలిచారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు పని సంగతి. మైదానంలో చెవిని నమ్మకు. నిమిషానికి 120 దెబ్బల నడకలో దెబ్బకీ దెబ్బకీ మధ్య అరసెకను. నూరు గజాల అవతల మోగిన డ్రమ్ము నిన్ను చేరడానికి పావుసెకను దాటుతుంది. అంటే సగం దెబ్బ ఆలస్యం. విన్నదాని వెంట చెయ్యి పోయిందా, బ్యాండంతా సాగిపోతుంది. డ్రమ్ముల వాళ్ళ పాదాలు చూస్తూ తాళం వెయ్యి.

రెండోది, రిహార్సల్‌కి తప్పకుండా వెళ్ళు. 1932 మార్చిలో, మార్చ్ పాటల స్వరకర్త సూసా పెన్సిల్వేనియాలోని రెడింగ్‌కి అతిథిగా వెళ్ళాడు. 77 ఏళ్ళ వయసులోనూ అక్కడి రింగ్‌గోల్డ్ బ్యాండుతో కచేరీకి ముందురోజే సాధన చేయించాడు. చివరగా వాయింపజేసింది తన ‘ది స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్’. ఆ రాత్రే కన్నుమూశాడు. ఆయనే అంత శ్రద్ధ పెట్టాడు, మనమెంత!

ఆరేళ్ళ కిందట నాకు రిహార్సల్లోనే ఒక బంధువు దొరికాడు. విరామంలో ఒక కుర్రాడు భుజం మీది సూసాఫోన్ అనే పెద్ద బాకా దించి గడ్డి మీద పెట్టాడు. దాని గరాటు అంచు కింద బొటనవేలంత సొట్ట. చదువుకునే రోజుల్లో వానకి తడిసిన మెట్ల మీద జారిపడి నేను చేసిన సొట్ట అది! ఆ మాట చెప్పగానే ఆ అబ్బాయి కాసేపు నన్నే చూశాడు. “ఆట మొదలయ్యే ముందు గుండె దడగా ఉంటే దీన్ని తడుముకుంటానండీ. మా అక్క కూడా అంతే, నాకంటే ముందు ఇది తనే మోసింది” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మర్నాడు బ్యాండు నడిపించడానికి నిచ్చెన ఎక్కాక చేతులు వణికాయి. వెనక వరుసలో అతను కనిపించాడు. వణుకు ఆగింది.

ఇప్పుడతను బడిలో పిల్లలకి సంగీతం చెబుతున్నాడు. ఏటా ఆగస్టులో బ్యాండు క్యాంపు మొదలయ్యే రోజు నాకు ఫోన్ చేస్తాడు.

అందుకే విరామంలో పెద్దల గదిలోకి వెళ్ళిపోకు. గడ్డిలో పిల్లల పక్కన కూర్చో, పేర్లు అడుగు. నువ్వు నాలుగేళ్ళు వాయించిన మెల్లోఫోన్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో కనుక్కుని నాకు రాయి.

ఇట్లు,
మీ బాబాయి