నెల్లూరు నాణెములు – రోము, చైనా పాలనలు

1780 దశకమున నెల్లూరు చేరువ పొలము దున్నుచున్న రైతు నాగలికి శిథిలాలయపు ఇటుకలు తగిలినవి. వాటి క్రింద చిన్న కుండలో రోమను బంగారు నాణెములుండెను. ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టీనాల పేరిటివి. పెక్కింటిని కరగించివేసిరి!

ఆ బంగారము వర్తకుల వెంట వచ్చినది. తూర్పు సరుకులపై రోము నాలుగవ వంతు సుంకము గొనెడిది. పన్నుల వసూలును మాత్రము చాలవరకు ఆయా నగరముల ప్రముఖులకే వదలినది.

ట్రాజన్ కాలమున చైనాను పాలించినది హాన్ వంశము. వారిది వేరు పద్ధతి. రాజధాని నుండియే అధికారులను పంపిరి. క్రీ.శ. 2లో 1 కోటి 22 లక్షల కుటుంబములను లెక్కించిరి. అంతకు పూర్వమే, క్రీ.పూ. 117 ప్రాంతమున, ఉప్పును, ఇనుమును ప్రభుత్వ గుత్తము చేసిరి. 1930 ఉప్పు సత్యాగ్రహమును చూచిన ఈ తీరమువారికి దాని బరువు వేరుగ చెప్పవలెనా? క్రీ.పూ. 81లో పండితులు రాజసభలోనే ఆ గుత్తమును ఖండించిరి. సారాపై గుత్తము సడలినది; ఉప్పుపై సడలలేదు.