మాట వినెడి యంత్రము

పాలమూరు, నల్లగొండ మెట్ట గ్రామములలో నేడు చేతిఫోను సామాన్యమైన వస్తువు. పొట్టకూటికై వలసపోయిన వారి క్షేమము దాని ద్వారానే ఇంటికి చేరుచున్నది. అయినను ఫోనులోని వ్రాతను చదువలేని పెద్దలు ఇంకను గలరు. పింఛను జమ అయినదా, ఆముదముల ధర యెంత అని తెలిసికొనుటకు వారు ఇతరులను ఆశ్రయింపవలసి వచ్చుచున్నది. ఈ కొరతను తీర్చు విద్యకు పునాది వేసినవారిలో తెలుగు ఇంజనీరు డాక్టర్ రాజ్ రెడ్డి గారు ముఖ్యులు.

చేత పట్టుకొని మాటలాడు సెల్ ఫోనును అమెరికా ఇంజనీరు మార్టిన్ కూపర్ 1973 ఏప్రిల్ 3న న్యూయార్కు వీధిలో తొలిసారి ఉపయోగించి చూపెను. దాని బరువు కిలోకు పైగా ఉండెను. మన దేశమున ఇట్టి ఫోనుపై తొలి సంభాషణ 1995 జూలై 31న జరిగినది. మాటను దూరమునకు చేర్చుట దీనితో సాధ్యమైనది. ఆ మాటను యంత్రమే గ్రహించుట వేరొక సమస్య.

రాజ్ రెడ్డి గారు 1937లో చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిరి. 1958లో మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు పట్టము, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొందిరి. 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన టూరింగ్ పురస్కారము ఆయనకును, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కును కలిపి ఇయ్యబడినది.

1970 దశకమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో ఆయన బృందము నిర్మించిన 'హియర్‌సే' పద్ధతి మన గ్రామసభ వంటిది. ధ్వనులు తెలిసిన భాగమొకటి, పదములు తెలిసినది మరొకటి, వాక్యము పోకడ తెలిసినది ఇంకొకటి. అన్నియు తమ ఊహలను ఒకే నల్లబల్లపై వ్రాసినట్లు ఉంచును. ఒకదాని ఊహను మరొకటి సరిచూడగా, అన్నింటికి పొసగిన అర్థము నిలుచును. 1976 నాటి 'హార్పీ' సుమారు వేయి పదములను గుర్తింపగలిగెను.

నేటి యంత్రములు వేలాది గంటల కంఠధ్వనుల నమూనాల నుండి నేర్చుకొనుచున్నవి. చిక్కు ఇచ్చటనే గలదు. 'మొక్కజొన్న', 'రబీ' అని మాత్రమే విన్న యంత్రమునకు మన 'మక్కలు', 'యాసంగి' బోధపడకపోవచ్చును. మన పలుకు నమూనాలలో లేనిచో, చదువురానివారికై ఉద్దేశించిన సాధనము వారికే అక్కరకు రాదు.

కావున పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు మూడు గలవు. మొదటిది, వృద్ధులచేతను స్త్రీలచేతను ఫోనులో మాటలాడించి, యంత్రము తప్పుగా వినిన పదములను వ్రాసి ఉంచుట. రెండవది, కేంద్ర ప్రభుత్వము 2022లో ఆరంభించిన 'భాషిణి' పథకములోని 'భాషాదాన్' ద్వారా తమ కంఠమును నమూనాగా ఇచ్చుటకు ఇష్టపడువారిని ప్రోత్సహించుట. మూడవది, జాగ్రత్త. యంత్రము వినిన సొమ్ము మొత్తమును తిరిగి సరిచూచుకొననిదే సమ్మతి తెలుపరాదనియు, బ్యాంకు రహస్య సంఖ్యను ఎవరికిని చెప్పరాదనియు గ్రామసభలో చాటవలెను.

అక్షరాస్యతకు ఈ యంత్రము బదులు కాదు. చదువు వచ్చువరకు మాత్రము, తన పని తాను చేసికొను స్వాతంత్ర్యమును పెద్దలకు ఇయ్యగలదు.