జి.ఎన్.ఎం. కోర్సు ఎంపిక: కళాశాల కంటే ముందు ఆసుపత్రిని చూడాలి

ఇంటర్మీడియట్ తరువాత నర్సింగ్‌లో చేరదలచిన ఐరాల మండల విద్యార్థుల ముందు మూడు దారులున్నాయి: గ్రామస్థాయి ఆరోగ్య సేవలకు ఉద్దేశించిన రెండేళ్ల ఏ.ఎన్.ఎం., స్టాఫ్ నర్సు ఉద్యోగానికి అర్హతనిచ్చే మూడేళ్ల జి.ఎన్.ఎం. డిప్లొమా, నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్. వీటిలో జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ అనే జి.ఎన్.ఎం., అమెరికాలోని కమ్యూనిటీ కళాశాలలు 1950ల నుంచి నడుపుతున్న రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకి దగ్గరగా ఉంటుంది. అక్కడ లైసెన్సు పరీక్షలో ఉత్తీర్ణుల శాతాన్ని బట్టి కళాశాల స్థాయిని అంచనా వేయవచ్చు. ఇక్కడ అలాంటి ఉమ్మడి కొలబద్ద లేనందున విద్యార్థి తానే విచారించుకోవలసి వస్తుంది.

మొదట చూడవలసింది అనుమతులు. 1947 నాటి చట్టంతో ఏర్పడిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పాఠ్యప్రణాళికను, కనీస ప్రమాణాలను నిర్ణయించగా, చదువు ముగించిన వారి పేర్లను నర్సుగా నమోదు చేసే పని రాష్ట్ర కౌన్సిల్‌ది. నమోదు లేనిదే డిప్లొమా ఉన్నా నర్సుగా పనిచేసే హక్కు రాదు. బెంగళూరులోనో వేలూరులోనో చదివినవారు సాధారణంగా ముందు ఆ రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదై, తరువాత ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌కు బదిలీ చేయించుకోవాలి కనుక, ఏజెంటు మాట మీద సీటు ఖాయం చేసుకునే ముందే సంస్థ పేరు ఆయా కౌన్సిళ్ల జాబితాల్లో ఉందో లేదో సరిచూసుకోవాలి.

అయితే అనుమతి పత్రం కనీస హామీ మాత్రమే. నర్సు పని అబ్బేది వార్డులోనే. ప్రమాణాల ప్రకారం సంస్థకు 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలి, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగుల చొప్పున అందుబాటులో ఉండాలి. ఏటా 40 సీట్లున్న సంస్థలో మూడేళ్లకు 120 మంది ఉంటారు. వారిలో సగం మంది ఒకేసారి డ్యూటీలో ఉన్నా 180 మంది రోగులు కావాలి కాబట్టి, పడకలన్నీ నిండినా ఆ ఒక్క ఆసుపత్రి చాలదు. అందుచేత పిల్లల, ప్రసూతి, మానసిక వైద్య విభాగాల పోస్టింగులు ఎక్కడ వేస్తారో, ఆ వార్డుల్లో ట్యూటర్ వెంట ఉంటారో లేదో అడిగి తెలుసుకోవాలి. రెండో, మూడో ఏడాది విద్యార్థి లాగ్‌బుక్‌ను తిరగేస్తే చాలా సంగతి తెలుస్తుంది: స్వయంగా చేసిన ప్రసవాలు, వేసిన కాథెటర్లు, మార్చిన కట్లు తేదీలతో, సంతకాలతో ఉంటే శిక్షణ జరుగుతున్నట్టు; పుటలన్నీ ఒకే రోజున నింపినట్టు కనిపిస్తే జరగనట్టు.

ఈ విషయంలో ఐరాల ప్రాంతానిది అనుకూలమైన స్థానం. పొరుగు మండలంలోని అరగొండలో, చిత్తూరులో అపోలో సంస్థలు, తిరుపతిలో రుయా, స్విమ్స్, వేలూరులో 1909 నుంచి నర్సింగ్ నేర్పుతున్న సి.ఎం.సి. ఉన్నందున, పెద్ద ఆసుపత్రులను స్వయంగా వెళ్లి చూసి పోల్చుకునే వీలుంది.

చివరగా ఖర్చు. ట్యూషన్ ఫీజు తక్కువగా చూపి హాస్టల్, యూనిఫాం, పరీక్ష రుసుముల పేరిట విడిగా వసూలు చేసే పద్ధతి ఉంటుంది గనుక మూడేళ్ల మొత్తాన్ని కాగితం మీద రాయించుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా, బాండు రాయాలా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ వద్దే ఉంచుకుంటారా అన్నవీ చేరకముందే తేల్చుకోవాలి. జి.ఎన్.ఎం. తరువాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చదివి పట్టా పొందే దారి ఉన్నందున, నాలుగేళ్ల ఖర్చు భరించలేని కుటుంబం ముందు డిప్లొమాతో ఉద్యోగంలో చేరి, సంపాదనతోనే పై చదువు కొనసాగించడం తెలివైన ప్రణాళికే. నేర్పే ఆసుపత్రి మంచిదైతేనే అది నెరవేరుతుంది.