చదివిన కథయు, చూచిన కథయు

విద్యార్థులు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. ఒక గొప్ప గ్రంథము చలనచిత్రముగా వచ్చినపుడు, ఆ చిత్రమును చూచినవాడు మరల గ్రంథమును చదువవలసిన పని యున్నదా? పెద్దలలో కొందఱు చిత్రములు గ్రంథములను పాడుచేయునని నిరసింతురు. పిల్లలలో కొందఱు రెండు గంటలలో తేలిపోవు కథకు రెండు వారములేల యని తలంతురు. ఈ రెండును తొందరపాటు తలంపులే యని మా యభిప్రాయము. వట్టి వాదముతో పొద్దు పుచ్చక, ఒక గ్రంథమును దాని చిత్రమును ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింతము.

మేము తీసికొన్న గ్రంథము చార్లెస్ డికెన్స్ రచించిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’. గొప్ప ఆశలని దీని యర్థము. ఇది డికెన్స్ నడపిన ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ అను వారపత్రికలో 1860 డిసెంబరు మొదలు 1861 ఆగస్టు వఱకు వెలువడినది. దీనియందు 59 అధ్యాయములు కలవు. దీనిని డేవిడ్ లీన్ 1946లో ఇంగ్లండున చిత్రముగా తీసెను. చిత్రము రెండు గంటలలోపుననే ముగియును.

కథ యిట్టిది. పిప్పు తల్లిదండ్రులు లేని బాలుడు. అక్కయు, ఆమె భర్తయగు జో అను కమ్మరియు వానిని పెంచిరి. ఒక సాయంకాలము శ్మశానమున మాగ్విచ్ అను పారిపోయిన ఖైదీ వానిని పట్టుకొని బెదరించెను. పిల్లవాడు భయముచే వానికి ఆహారమును, సంకెల కోసికొనుటకు ఆకురాయిని తెచ్చి యిచ్చెను. తరువాత పిప్పు హావిషాం అను ధనికురాలి యింటికి పోయెను. పెండ్లినాడు వరునిచే వంచింపబడిన యామె గడియారములను ఆపివేసి, పెండ్లిబట్టలు విడువక, చీకటి గదిలో ముసలిదయ్యెను. ఆమె పెంచుకొన్న ఎస్టెల్లా అను బాలిక పిప్పు మోటు చేతులను, మందపు బూట్లను చూచి యెగతాళి చేసెను. నాటినుండి పిప్పుకు తన యింటిని గూర్చి సిగ్గు కలిగెను. కొన్నియేండ్లకు ఎవరో తెలియని దాత పంపిన ధనముతో వాడు లండనునకు పోయి దొరబాబైనాడు. ఆ దాత హావిషాం కాదనియు, నాటి ఖైదీయే ఆస్ట్రేలియాలో కష్టించి సంపాదించి పంపెననియు పిమ్మట తెలియును.

ఇక చిత్రము యొక్క బలమును చూతము. శ్మశానపు దృశ్యమున గాలి వీచును, మ్రాకులు కిఱ్ఱుమనును, బాలుడు వెనుకకు తిరుగగనే ఖైదీ చేతులలో పడును. చూచువారును బాలునితోపాటు ఉలికిపడుదురు. పుటలో మనము ఊహించుకొనవలసిన భయమును తెర క్షణములో మన యొడలికి ఎక్కించును. బూజు పట్టిన పెండ్లివిందు గదియు అట్టిదే. ఈ చిత్రమునకు ఛాయాగ్రహణమునకును, కళాదర్శకత్వమునకును రెండు ఆస్కారు బహుమానములు వచ్చుట న్యాయమే. హావిషాం పాత్ర ధరించిన మార్టిటా హంట్, 1939లో అలెక్ గిన్నెస్ ఇదే నవలను నాటకముగా మలచినప్పుడును ఆ పాత్రనే ధరించెను. ఆ నాటకమును లీన్ చూచియుండెను.

చిత్రమున విడువబడినవి పెక్కులు. గ్రంథమున కొలిమిలో పనిచేయు ఓర్లిక్ అను దుష్టుడు పిప్పు అక్కను కొట్టి మూలబెట్టును. చిత్రములో వాడు కానరాడు. ఇది దోషమని మేము తలంపము. 59 అధ్యాయములను రెండు గంటలలో కుదించువాడు కొన్నిటిని విడువక తప్పదు. మన తెలుగువారికిది క్రొత్త సంగతి కాదు. కవిత్రయము సంస్కృత భారతమును మాటకు మాటగా తెనిగింపలేదు. తగ్గింపదగినచోట తగ్గించి, పెంపదగినచోట పెంచిరి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రపు శశిరేఖా పరిణయకథ వ్యాసభారతమున లేనే లేదు. అయినను దానిని చూచి సంతోషింపని తెలుగువారరుదు. కావున ఏమి విడువబడెనను ప్రశ్న చాలదు. విడువబడినదానితో కథయొక్క ప్రాణము పోయెనా, నిలిచెనా యని యడుగవలయును.

ఈ కథకు ప్రాణమేది? జో లండనునకు వచ్చిన ఘట్టమే యని మా నమ్మకము. పెంచిన పిప్పును చూడవలెనని ఆ కమ్మరి పండుగబట్టలు తొడుగుకొని వచ్చును. టోపీ నెక్కడ నుంచవలెనో తెలియదు. తన చేతులలో పెరిగినవానిని ‘అయ్యా’ యని పిలుచును. పిప్పు సిగ్గుతో కుమిలిపోవును. సొమ్మిచ్చి ఆ రాకను ఆపగలిగినచో ఇచ్చియుందునని గ్రంథమున వాడే ఒప్పుకొనును. జో మాత్రము కోపింపక, తనను కొలిమివద్ద చూచినచో ఇంత లోపము కానరాదని మృదువుగా చెప్పి వెడలిపోవును. చిత్రము ఈ ఘట్టమును విడువలేదు, చక్కగా చూపినది. అందులకు మేము దర్శకుని మెచ్చుకొందుము.

అయితే ముగింపునొద్ద మాకు భేదాభిప్రాయము కలదు. గ్రంథమున పిప్పు ధనమంతయు పోగొట్టుకొని జబ్బుపడగా జో వచ్చి సేవచేయును. వాని అప్పు తీర్చి, చెప్పకయే వెడలిపోవును. తరువాత పిప్పు తూర్పుదేశమున గుమాస్తాగా చేరి పదునొకండేండ్లు పాటుపడి బ్రదుకు దిద్దుకొనును. ఎస్టెల్లాయు క్రూరుడైన భర్తవలన బాధలుపడి మెత్తబడును. అటుపిమ్మటనే వారిరువురు ఇల్లు కూల్చబడిన ఆ పాడునేలమీద కలిసికొందురు. డికెన్స్ మొదట వ్రాసినది ఇదియు కాదు. లండను వీధిలో ఒక్కమాఱు కలిసి విడిపోవునట్లు వ్రాసియుండగా, మిత్రుడు బుల్వర్ లిట్టన్ సలహాపై మార్చెను. ఆ తొలి ముగింపు జాన్ ఫార్‌స్టర్ రచించిన డికెన్స్ జీవితచరిత్రము వలన లోకమునకు తెలిసినది.

చిత్రమున ఈ రెండును లేవు. పిప్పు జబ్బునుండి లేచి ఆ పాత యింటికి పోవును. ఎస్టెల్లా హావిషాం కుర్చీలో కూర్చుండియుండును. వాడు కిటికీల తెరలను చించి వెలుతురును లోనికి రానిచ్చును. ఇది కంటికి మిక్కిలి యింపైన దృశ్యము. చీకటిపై వెలుతురు గెలిచినదని మాట లేకయే తెలుపును. కాని ఆ పదునొకండేండ్ల పాటు ఏమయ్యెను? మనుష్యుడు తెర చించినంత సులువుగా మాఱడు. సిగ్గుపడుట ఒక్క దినములో నేర్చుకొనవచ్చును. దానిని విడుచుటకు ఏండ్లు పట్టును. ఆ కాలపు బరువును గ్రంథము మోయును, చిత్రము మోయలేకపోయినది.

ఈ సంగతి మన పిల్లలకు దూరమైనది కాదు. పల్లెనుండి వచ్చి చదువుకొను బాలుడు, చేతిసంచితో మట్టికాళ్లతో గుమ్మమున నిలిచిన తండ్రిని తోటివారు చూతురేమో యని మొగము త్రిప్పుకొనుట కద్దు. ఆ తండ్రి కూలిడబ్బే తన పుస్తకములును, చొక్కాయు నయ్యెనని వానికి తెలియకపోదు. అట్టి బాలునకు పిప్పు కథ అద్దము వంటిది. తల్లిదండ్రులును జోను చూచి ఓర్పు తెచ్చుకొందురు గాక.

కావున మా సలహా యిది: చిత్రమును చూడుడు, గ్రంథమును చదువుడు. మొదట చదివినవాడు తన యూహను దర్శకుని యూహతో పోల్చుకొనగలడు. మొదట చూచినవాడు విడువబడినదానిని వెదకుచు చదువగలడు. ఎట్లైనను రెండవదానిని మానరాదు.

ఆలోచింపదగిన ప్రశ్నలు:

1. జో కోపింపక వెడలిపోవుట బలహీనతయా, బలమా? కారణములు వ్రాయుము.

2. మూడు ముగింపులలో నీకు నచ్చినదేది? అందువలన పిప్పు గుణము మనకెట్లు తెలియును?

3. నీవు చదివిన యొక తెలుగు కథను చిత్రముగా తీయవలసివచ్చినచో దేనిని విడుతువు? దేనిని ఎన్నటికిని విడువవు?

మూడవ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పగలవాడు ఆ కథను నిజముగా చదివినవాడని మేమొప్పుకొందుము.