వాలులో మలుపు

వాక్యభాగము: లూకా 15:11–24



హిమమును గూర్చి మనము కీర్తనలలోను యెషయా గ్రంథములోను చదువుదుము గాని, మన పల్లెలలో దానిని కన్నులార చూచినవారు అరుదు. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతములు చలికాలమున హిమముతో కప్పబడును. అక్కడివారు స్కీలు అను పొడవైన పలకలను పాదములకు బిగించుకొని కొండవాలు వెంట క్రిందికి జారుదురు. 1907లో ఆస్ట్రియా దేశపు సెయింట్ ఆంటన్ గ్రామములో హాన్నెస్ ష్నైడర్ అనునతడు ఈ విద్య నేర్ప మొదలుపెట్టెను. మోకాళ్లు వంచి, దేహమును ముందుకు వంచి జారుట అతని పద్ధతి.

క్రొత్తగా నేర్చుకొనువాడు లోయను చూచి భయపడి వెనుకకు, కొండవైపునకు వ్రాలును. ఆ భయమే అతనిని పడద్రోయును. బరువు మడమలమీదికి పోగానే పలకల ముందుభాగము తేలికయై, త్రిప్పినను తిరుగదు. కావున బరువు పాదముల నడుమ నిలిపి, కాళ్లవైపు గాక పోవలసిన చోటువైపు చూడవలెను. మలుపులో బరువు వెలుపలి కాలిమీద మోపవలెను. అప్పుడు ఆ పలక అంచు హిమమును గట్టిగా పట్టుకొనును. పలక నడుమ సన్నగాను చివరలు వెడల్పుగాను ఉండుటచేత, అది బరువు క్రింద విల్లువలె వంగి మనిషిని మళ్లించును.

అయితే ప్రతి మలుపు నడుమ ఒక క్షణము కలదు. అప్పుడు పలకలు నేరుగా లోయవైపే తిరిగియుండును; వేగము హెచ్చును. ఆ క్షణమునకు జంకి వెనుకకు వ్రాలినవాడు పడును. దానిని దాటక ఎవడును మళ్లలేడు.

మారుమనస్సును అట్టిదే. చిన్న కుమారుడు పందులయొద్ద దుఃఖపడి ఊరకుండలేదు. తాను ఎవరిని నొప్పించెనో ఆ తండ్రి ముఖమువైపే నడిచెను. మనమో, దేవుని యెదుట కన్నీరు విడుతుము గాని, గట్టు తగవులో దూషించిన అన్న గడప త్రొక్కము. ఒక సహోదరుని నొప్పించి, క్షమాపణ అడుగుటకు బదులు అతని వీధి తప్పించి నడచిన దినములు మాకును కలవు. అది సగములో ఆగిన మలుపు, అక్కడనే పడిపోతిమి.

ఒక్క భేదము మాత్రము కలదు. కొండవాలున జారువానికి ఎదురుగా ఎవరును రారు. ఈ కుమారునికైతే, ఇల్లు చేరకమునుపే తండ్రియే పరుగెత్తి ఎదురు వచ్చెను.

కావున ప్రియులారా, ఈ మాసపు ప్రభురాత్రి భోజనమునకు కూడుకొనకమునుపు, మనము తప్పించుకొని తిరుగుచున్న ఆ వీధిలోనికి నడుచుదము.