ఇంటి భాష - బడి భాష

గ్రామ పంచాయతీ సభ్యులను తల్లిదండ్రులు నేడు తరచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు: "మన బడిలో పాఠములు ఏ భాషలో చెప్పించవలెను?" రోడ్డు, మంచినీరు, వీధిదీపములవలె ఇది వెంటనే కంటికి కనబడు పని కాదు. అయినను దీని ఫలితము ఒక తరము పిల్లల జీవితముపై పడును. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల నిర్వహణ సంఘములో తల్లిదండ్రులతోపాటు, ఎన్నికైన స్థానిక ప్రతినిధులకును చోటు కలదు. కావున ఈ ప్రశ్న మీ యెదుటికి రాక తప్పదు. ఇతర దేశములవారు ఇట్టి చిక్కును ఎట్లు ఎదుర్కొనిరో తెలిసికొనుట మనకు ఉపయోగపడును.

ముందుగా రెండు విషయములను వేరుచేసి చూడవలెను. ఒక భాషను నేర్పుట వేరు. ఆ భాషలో లెక్కలు, భూగోళము, ప్రకృతిశాస్త్రము నేర్పుట వేరు. పిల్లలకు ఇంగ్లీషు రావలెననుట న్యాయమైన కోరిక. దానిని కాదనువారు తమ పిల్లలను ఏ బడికి పంపుచున్నారో విచారించిన చాలును. కాని ఇంగ్లీషు వచ్చుటకై మొదటి తరగతినుండి పాఠములన్నియు ఇంగ్లీషులోనే జరుగవలెనా అనునది వేరొక ప్రశ్న. సభలలో ఈ రెండును కలిసిపోవుచుండును. అందుచేతనే వాదము తెగదు.

గ్రేటు బ్రిటనుకు పడమటి దిక్కున వేల్సు అను చిన్న దేశము కలదు. అచటి ప్రజల భాష వెల్షు. అది ఇంగ్లీషుకు యాస కాదు, పూర్తిగా వేరైన భాష. పందొమ్మిదవ శతాబ్దమున అచటి పల్లెలలో ఇంగ్లీషు తెలిసినవారు అరుదు. అయినను బడులలో బోధనభాష చాలవరకు ఇంగ్లీషే. అచటి విద్యాస్థితిని విచారించుటకు వచ్చిన ముగ్గురు అధికారులు 1847లో తమ నివేదికను ప్రకటించిరి. వారిలో ఎవరికిని వెల్షు రాదు. పిల్లలు తమకు తెలియని భాషలో పాఠములను అర్థము లేకుండ వల్లించుచుండగా చూచియు, దేశము వెనుకబడుటకు వెల్షుభాషయే పెద్ద అడ్డంకి యని వారు తీర్మానించిరి. నీలిరంగు అట్టలతో వెలువడిన ఆ సంపుటములను వేల్సు ప్రజలు ఈనాటికిని "నీలి పుస్తకముల ద్రోహము" అని తలచుకొందురు.

ఆ శతాబ్దమున కొన్ని బడులలో ఒక చెడు ఆచారము కూడ ఉండెను. వెల్షులో మాటలాడిన పిల్లవాని మెడలో ఒక కొయ్యముక్కను వ్రేలాడదీసెడివారు. మరియొకడు వెల్షు మాటలాడగా విని పట్టుకొన్నచో, అతడు దానిని వానికి అంటగట్టవచ్చును. సాయంత్రమునకు అది ఎవని మెడలో మిగిలినదో వానికి దెబ్బలు. పిల్లలు ఒకరిపై నొకరు గూఢచారులగుట తప్ప దీనివలన నేర్చినదేమియో ఊహింపుడు.

1901 జనాభా లెక్కలలో వేల్సు ప్రజలలో దాదాపు సగము మంది వెల్షు మాటలాడగలవారు. 1991 నాటికి వారు అయిదవ వంతుకంటె తక్కువైరి. దీనికి బడి యొక్కటియే కారణము కాదు. బొగ్గుగనులకు, కర్మాగారములకు బయటివారు వేలాదిగా వచ్చిరి. పనులకై స్వదేశీయులు వలసపోయిరి.

అయితే ఇరువదవ శతాబ్దమున గాలి మళ్ళినది. 1939లో అబెరిస్ట్విత్ పట్టణమున ఏడుగురు పిల్లలతో వెల్షు బోధనభాషగా ఒక ప్రైవేటు బడి మొదలయ్యెను. 1947లో లనెల్లి పట్టణమున స్థానిక సంస్థయే ప్రజాధనముతో అట్టి బడిని తెరచెను. పంచాయతీ సభ్యులు ఈ సంగతిని ప్రత్యేకముగా గమనింపవలెను. పెద్ద ప్రభుత్వముకంటె ముందుగా అడుగు వేసినది ఒక స్థానిక సంస్థ. 1956లో ఉన్నత పాఠశాల కూడ వెలసెను. 1988 చట్టము తరువాత వేల్సులోని పిల్లలందరును క్రమముగా వెల్షును ఒక పాఠ్యవిషయముగా నేర్వవలసి వచ్చెను. వెల్షు బడులలో చదివిన పిల్లలకు ఇంగ్లీషు రాకపోలేదు. వారు రెండు భాషలతోను బయటికి వచ్చుచున్నారు. ఇంటిలో ఇంగ్లీషే మాటలాడు తల్లిదండ్రులు సయితము తమ బిడ్డలను ఆ బడులకు పంపుచున్నారు. అయినను 2021 జనాభా లెక్కలలో వెల్షు మాటలాడువారు నూటికి 18 మందికంటె తక్కువగానే తేలిరి. బడి భాషను నేర్పగలదు. ఇంటిలో, సంతలో, కచ్చేరిలో దానిని మాటలాడించుట బడి చేతిలో లేదు.

ఇక పరభాషలో చదువు మొదలుపెట్టుటను సమర్థించువారు సాధారణముగా కెనడాను చూపుదురు. దానిని కూడ పరిశీలింతము. క్విబెక్కు రాష్ట్రమున మాంట్రియల్ నగరము ప్రక్కన సెయింట్ లాంబర్ట్ అను ఊరు కలదు. ఆ రాష్ట్రమున అధికసంఖ్యాకులు ఫ్రెంచి వారు. తమ పిల్లలకు ఫ్రెంచి చక్కగా రావలెనని అచటి ఇంగ్లీషు తల్లిదండ్రులు కొందరు పట్టుబట్టి, 1965లో 26 మంది పసిపిల్లలతో ఒక తరగతిని ప్రారంభింపజేసిరి. అందు బోధన యంతయు ఫ్రెంచిలోనే. ఇంగ్లీషు చదువుట, వ్రాయుట రెండవ తరగతినుండి కొలదిసేపు మాత్రమే నేర్పిరి. మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వాలెస్ లాంబర్ట్ మొదలగువారు ఆ పిల్లలను ఏటేట పరీక్షించిరి. మొదట ఇంగ్లీషు చదువులో వారు కొంత వెనుకబడిరి. కొలది సంవత్సరములలో తోటివారిని అందుకొనిరి. ఫ్రెంచిని మాత్రము మామూలు బడిపిల్లలకంటె ఎంతయో బాగుగా నేర్చిరి.

ఇది నిజముగా జరిగిన విజయమే. కాని ఒకే విత్తనము రేగడిలో ఒక తీరుగను, చవుటినేలలో మరొక తీరుగను మొలచును. ఆ పిల్లల ఇంటిభాష ఇంగ్లీషు. అది ఆ ఖండమంతటను చెల్లుబాటగు భాష. ఇంటిలో, వీధిలో, రేడియోలో, పత్రికలో దాని వెలుగు తరుగలేదు. తల్లిదండ్రులు చదువుకొన్నవారు. బోధకులకు ఫ్రెంచి సహజముగా వచ్చును, పిల్లల ఇంగ్లీషు కూడ అర్థమగును. పిల్లవాడు తొలిదినములలో ఇంగ్లీషులో బదులు చెప్పినను వానిని చిన్నబుచ్చలేదు. మన పల్లెలలో తండ్రి, తాత బడి మెట్టు ఎక్కని యింటినుండి వచ్చు బిడ్డ సంగతి వేరు. పుస్తకములోని మాట వానికి ఇంటిలో వినబడదు. అడిగినచో చెప్పువారు లేరు. బోధకునికే ఆ భాషలో ధారాళముగా మాటలాడుట రానిచో, పాఠము పలకపై అక్షరములుగా మిగిలిపోవును. కెనడా ఫలితము కావలెనన్నచో కెనడా పరిస్థితులు కూడ కావలెను.

మన పరిస్థితులకు దగ్గరగా నుండు ఉదాహరణము ఆఫ్రికాలోని నైజీరియా. అదియు బ్రిటిషువారి పాలనలో నుండి వెలువడిన దేశము. అచటను ఉద్యోగములకు ఇంగ్లీషే దారి. ఇఫే నగరమున 1970లో ఆచార్య బాబ్స్ ఫఫున్వా నాయకత్వమున ఒక ప్రయోగము జరిగెను. ఒక వర్గపు పిల్లలకు ప్రాథమిక విద్య ఆరు సంవత్సరములును వారి యోరుబా భాషలోనే చెప్పిరి. ఇంగ్లీషును ప్రత్యేక బోధకుడు ఒక విషయముగా నేర్పెను. ఇంకొక వర్గమునకు మామూలు పద్ధతి, అనగా మూడేండ్లు యోరుబా, పిమ్మట ఇంగ్లీషు. ఆరేండ్ల తరువాత చూడగా, యోరుబాలో చదివినవారు లెక్కలు మొదలగు విషయములలో ముందుండిరి. ఇంగ్లీషులో సయితము వెనుకబడలేదు. వారికి క్రొత్త పుస్తకములు, మంచి ఇంగ్లీషు బోధకుడు లభించుట కూడ ఇందుకు తోడ్పడి యుండును. అయినను ఇంటిభాషలో చదివినచో ఇంగ్లీషు రాదను భయము నిలువలేదు.

మన రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందునట్లు ఏర్పాటు చేయవలెనని చెప్పుచున్నది. ఇది మనకు క్రొత్త ఆలోచన కాదు. వాడుకభాషకై పోరాడిన గిడుగు వేంకట రామమూర్తిగారు అంతకు ఎంతయో ముందుగా పర్లాకిమిడి ప్రాంతమున సవర భాషను స్వయముగా నేర్చి, సవర పిల్లలకు బడులు పెట్టి, పాఠపుస్తకములు వ్రాసిరి. వారి సవర వ్యాకరణము 1931లో వెలువడెను. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, కొలామి మొదలగు ఎనిమిది భాషలలో ప్రాథమిక పాఠములు తెలుగు లిపిలో ప్రారంభమయ్యెను. తెలుగు బోధనభాష అయినచో పిల్లలందరికిని ఇంటిభాషయే లభించినదని మైదానమున నున్న మనము తలచుచుందుము. కోయ బిడ్డకు, లంబాడీ బిడ్డకు తెలుగు కూడ బడిలో క్రొత్తగా నేర్వవలసిన భాషయే.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండియు, పిమ్మట తెలంగాణములోను, ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు గల పాఠ్యపుస్తకములు వచ్చినవి. ఇది మంచి సాధనము. తెలుగు చదువగల తల్లి కూడ బిడ్డ పాఠమును విప్పి చూడగలదు. అయితే బోధకుడు రెండు పుటలను ఉపయోగించుచున్నాడా, లేక ఒకదానిని మడిచి పెట్టుచున్నాడా అనునది తరగతికి పోయి చూచిన గాని తెలియదు. చూచుటకు నిర్వహణ సంఘ సభ్యులకు హక్కు కలదు.

బోధనభాషను మార్చవలెనని ఎవరైన తీర్మానము తెచ్చినపుడు, చేతులెత్తుటకు ముందు కొన్ని సంగతులు రాబట్టుకొనుడు. ఆ భాషలో పాఠము చెప్పగల బోధకులు మన బడిలో ఎందరున్నారు? వారికి శిక్షణ ఎవరు ఇత్తురు? మొదటి రెండేండ్లలో పాఠము అర్థముగాని పిల్లవానికి ఎవరు, ఏ భాషలో విడమరచి చెప్పుదురు? వీనితోపాటు మరియొక లెక్క కూడ అవసరము. ఈ యేడు మొదటి తరగతిలో చేరిన పిల్లలు ఇంటిలో ఏ భాష మాటలాడుదురో వార్డు సభ్యులు గడపగడపకు పోయి వ్రాసికొన్నచో ఒక సాయంకాలమున ముగియు పని యిది. ఆ చీటీ చేతనుంచుకొని బోధకులతో కూర్చొనుడు.