క్షయ మందు: బిడ్డ బరువు, మందు లెక్క

క్షయ మందులు కొని పేద పిల్లలకు పంచడానికి సదఖా సొమ్ము ఇస్తామని మన దాతలు కొందరు అడుగుతుంటారు. మందు కొనవలసిన పని లేదు. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. పిల్లలకు వేరే బిళ్లలు కూడా ఉన్నాయి. అవి వేరుగా ఎందుకున్నాయో తెలుసుకుంటే మన సాయం ఎక్కడ పనికొస్తుందో కనబడుతుంది.

పెద్దల మాత్రను విరిచి సగమో పావో వేస్తే పిల్లల మోతాదు అయిపోతుందని మన ఇళ్లలో ఒక నమ్మకం. వైద్యులు కూడా చాలాకాలం పెద్దలకూ పిల్లలకూ కిలో బరువుకు ఒకే లెక్క పాటించారు. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మార్చింది. ఐసోనియాజిడ్ పెద్దలకు కిలోకు 5 మిల్లీగ్రాములైతే పిల్లలకు 10; రిఫాంపిసిన్ పెద్దలకు 10, పిల్లలకు 15; పైరజినమైడ్ 25కు బదులు 35. అంటే మనిషి చిన్నవాడైనా కిలో లెక్కన మందు ఎక్కువే కావాలి. ఒంటి బరువుతో పోల్చితే పిల్లల కాలేయం పెద్దది, మందును త్వరగా ఖర్చు చేసేస్తుంది. పెద్దల లెక్కన ఇస్తే రక్తంలో మందు చాలదు, క్రిములు మిగిలిపోతాయి, మిగిలినవి మందుకు లొంగని రకంగా మారే ప్రమాదం ఉంది. నెలల పసికందుల సంగతి వేరు. వారి కాలేయం ఇంకా ముదరదు కనుక ఆ మోతాదు డాక్టరే చూడాలి.

పది కిలోల బిడ్డను తీసుకుందాం. పెద్దల నాలుగు మందుల మాత్రలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు ఉంటాయి. సగం వేస్తే మొదటి రెండూ అవసరంలో సగానికి అటూ ఇటూ మాత్రమే. సరే, మొత్తం వేద్దామంటే ఐసోనియాజిడ్ ఇంకా చాలదు, కంటిచూపుపై ప్రభావం చూపగల ఇథాంబుటాల్ మాత్రం హద్దు దాటుతుంది. పెద్దల మాత్రను ఎలా విరిచినా ఈ పాళ్లు కుదరవు. అందుకే 2015 డిసెంబరులో పిల్లల బిళ్ల వచ్చింది. అందులో ఐసోనియాజిడ్ 50, రిఫాంపిసిన్ 75, పైరజినమైడ్ 150. పది కిలోల బిడ్డకు రోజుకు రెండు చాలు. నీళ్లలో కరిగిపోతుంది, పండ్ల రుచి ఉంటుంది. చేదు మాత్రను నూరి, ముక్కు మూసి పోసిన తల్లులకు దీని విలువ తెలుసు.

బిళ్లల సంఖ్య బిడ్డ బరువును బట్టి మారుతుంది: 4 నుంచి 7 కిలోలకు ఒకటి, 8 నుంచి 11 వరకు రెండు, 12 నుంచి 15కు మూడు. మందు పడ్డాక పిల్లలు తేరుకుని బరువు పెరుగుతారు. ఏడు కిలోలతో మొదలుపెట్టిన బిడ్డ నడుమలో తొమ్మిదికి చేరితే బిళ్ల పెంచాలి. తూచకపోతే ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది? వ్యాధి తీవ్రం కాని పిల్లలకు ఆరు నెలలకు బదులు నాలుగు నెలలు చాలునని భారత్‌తోపాటు ఆఫ్రికా దేశాల్లో 1,204 మంది పిల్లలపై జరిగిన పరిశోధన తేల్చింది. అది ఎవరికి వర్తిస్తుందో డాక్టరే చెప్పాలి. బిడ్డ హుషారైందని ఇంట్లోవారు మందు ఆపకూడదు.

ప్రభుత్వం పోషణకు నెలకు రూ.1,000 ఇస్తోంది. దానికి మనం గుడ్లు, పప్పు, నూనె కలపవచ్చు. నిక్షయ్ మిత్రగా నమోదైతే రోగి ఇంటికే అందించవచ్చు. కూలి పోగొట్టుకుని బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లే తల్లికి బస్సు ఛార్జీ ఇవ్వవచ్చు. బస్తీలో నమ్మకంగా పనిచేసే ఒక తూకం యంత్రం, నెలనెలా ఆ అంకె రాసే ఒక మనిషి ఉంటే మరీ మంచిది.